షీటుకు తడి తగలొద్దు

"గుడ్డ గట్టిగ పిండినవా?" అని ఇమ్మానుయేలు అడగని పొద్దు లేదు ఆ ఇంట్లో. అడిగే మహానుభావుడు కుర్చీలో కాళ్ళు ముడుచుకుని చాయ్ తాగుతుంటాడు. పిండేది పెళ్ళాం విమల. బడిలో పిల్లలతో గొంతు చించుకుని వచ్చి, కొంగు బిగించి, ముందుగదిలో పరిచిన లినోలియం షీటును మోకాళ్ళ మీద పాకుతూ తుడిచేదీ విమలే. దాని మీద నీళ్ళు పోయకూడదు. బిందె దించకూడదు. చుక్క ఒలికితే అప్పటికప్పుడు పొడిగుడ్డతో అద్దెయ్యాలి. ఆదివారం ఆదివారం మైనం పాలిష్ పట్టించాలి. "అతుకు కాడ నీళ్ళు దిగితే అడుగు కుళ్ళిపోతది, ఎరుకేనా?" అంటాడు, జన్మలో ఒక్కనాడు చీపురు పట్టని మనిషి.

కాజీపేట రైల్వే కాలనీలో ఓ ఆంగ్లో ఇండియన్ డ్రైవరు రిటైరై ఊరు విడిచిపోతూ సామాన్లు అమ్మేస్తే, రైల్వేలో గుమాస్తా అయిన ఇమ్మానుయేలు ఆ షీటు చుట్టను రిక్షాలో వేసుకొచ్చాడు. దొరల బంగళాలో పరిచిన షీటు వస్తే దొరతనం కూడా దాని వెనకే నడిచి వస్తుందని ఆయన నమ్మకం. అప్పుడు వానాకాలం. కొత్త వస్తువు పరిచేముందు నేల కడగాలని విమల అత్త షాబాదు బండల మీద బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించింది. "బండలు ఆరనియ్యుండ్రి, జర ఆగుండ్రి" అంది విమల. "ఆడోళ్ళకు ఇసొంటియి ఏం తెలుస్తయి?" అని ఆయన ఆ సాయంత్రమే పరిచి, అంచులకు జిగురు పూసి బిగించేశాడు. లోపలి తడికి దారి లేకుండా పోయింది. వారం తిరక్కముందే షీటు మీద బొబ్బలు లేచాయి. తప్పెవరిది? ఇంకెవరిది, విమలదే! "నువ్వు గుడ్డ సరిగ పిండలే" అన్నాడు. "మా కాలంల గింత బేఫికర్ లేకుండె" అని అత్త అందుకుంది. విమల ఓ మూల జిగురు ఊడదీసి, బండ మీద నిలిచిన చెమ్మను చూపించింది. వంగి చూసి, వేలితో తడిమి కూడా, "నువ్వు తుడిచిన నీళ్ళే అడుక్కు దిగినయి" అన్నాడు. అబద్ధాలకోరుతోనైనా వాదించవచ్చు. కళ్ళారా చూసిన తన తప్పును పెళ్ళాం నెత్తిన రుద్దే మనిషితో ఏం వాదిస్తుంది? ఆ రోజు నుంచి ఆయన మొహం చూస్తేనే విమలకు ఏవగింపు.

ఇదంతా ఎట్లాగో దిగమింగింది. మింగుడుపడనిది తల్లి సంగతి. సారమ్మ ఆదివారం ఆరాధన కాగానే మడికొండ నుంచి బస్సెక్కి బిడ్డను చూడవస్తుంది. నాట్లలో నాని నాని పగిలిన పాదాలు ఆమెవి. వాటిని గుమ్మం దగ్గర చెంబెడు నీళ్ళతో కడుక్కుని గాని ఎవరింట్లోనూ అడుగు పెట్టదు. షీటు వచ్చాక ఆ కడిగిన కాళ్ళే నేరమయ్యాయి. "అత్తమ్మా, వరండలనే కూసో, గాలి మంచిగొస్తది" అంటాడు అల్లుడు నవ్వుతూ. సారమ్మ గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. "పోనియ్యి బిడ్డా, దొరల సామానాయె, ఖరాబైతది" అని కూతురికే నచ్చజెబుతుంది. తన జీతం కూడా పడుతున్న ఇంట్లో కన్నతల్లిని ఓ కుర్చీలో కూర్చోబెట్టుకోలేని బతుకు మీద విమలకు రోత పుట్టింది.

ఆ శనివారం ఇంట్లో ప్రార్థన కూడిక. పొద్దుటి నుంచీ ముసురు. "ఒక్క తడికాలు లోపటికి రావద్దు" అని ఇమ్మానుయేలు విమల చేతికి పాత తువ్వాల ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుంటుంటే వంగి ఒక్కొక్కరి పాదాలూ తుడిచింది. పాస్టరమ్మ సిగ్గుపడిపోయి, "వద్దు విమలా, నేను తుడుసుకుంట" అని కాలు వెనక్కి తీసుకుంది.

"తుడవనియ్యుండ్రి అమ్మా. మా ఇంట్ల సేవ గిట్లనే ఉంటది" అన్నాడాయన లోపలి నుంచి.

"ఎంత తగ్గింపు, ఎంత వినయం!" అన్నారెవరో. విమల నడుము వంగింది, మెప్పు మాత్రం ఆయన జేబులోకి పోయింది. తర్వాత సంఘపెద్ద హోదాలో లేచి నిలబడి, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన వాక్యభాగం చదివాడు. "పెద్దోడు అనిపించుకునేటోడు దాసుని లెక్క వంగాలె" అంటూ గొంతు వణికించాడు. గుమ్మంలో విమల తడిసి బరువైన తువ్వాలను పిండింది.

సరిగ్గా అప్పుడే కూడికకని సారమ్మ వచ్చింది, తలమీది కొంగుతో సహా తడిసి ముద్దయి. వరండాలోకి జల్లు కొడుతోంది, గోనెసంచి పరిచే చోటు లేదు. అయినా ఇమ్మానుయేలు వాక్యం ఆపి, "అత్తమ్మా, ఆడనే జర గోడకు నిలవడు" అన్నాడు. సారమ్మ అలవాటుగా గోడ వైపు జరిగింది.

విమల తువ్వాలను గుమ్మం మీద పెట్టింది. తల్లి చెయ్యి పట్టుకుని, "రా అవ్వా" అని లోపలికి నడిపించింది. మెరిసే షీటు మీద తల్లీ బిడ్డల తడి అడుగులు వరసగా పడ్డాయి. ఇమ్మానుయేలు లేచి ఖాళీ చేసిన కుర్చీలోనే సారమ్మను కూర్చోబెట్టి, కొంగుతో ఆమె తల తుడవసాగింది.

"విమలా! షీటు! గుడ్డ తే!" ఇమ్మానుయేలు పళ్ళు బిగించి అన్నాడు.

"గుడ్డ గుమ్మం కాడున్నది" అంది విమల, తల తిప్పకుండానే. "మా అవ్వ కాళ్ళు ఇంక తడిగనే ఉన్నయి. వాక్యం మీరే చదివిండ్రు గద, వచ్చి తుడువుండ్రి."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి ఇమ్మానుయేలు వైపు చూస్తూ కూర్చున్నారు.