ఆరని వేలిముద్ర

విమానం మాట వినడం మానేసింది. నేల మీద నిలబడి పిచ్చుక చేతిలోని కంట్రోలర్ మీద స్టిక్‌ను ఎంత ముందుకు తోసినా ముక్కు పైకే లేస్తోంది. ఎవరో తోక పట్టుకుని వేలాడుతున్నట్టు వెనక భాగం కిందికి కుంగిపోతోంది.

"దించెయ్ పిచ్చుకా," అన్నాడు పక్కనున్న బండోడు. వాడి గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

దించడం ఆమె చేతిలో ఉంటేగా! మోటారు ఆపేసింది. విమానం గాల్లో ఒక్క క్షణం కదలకుండా నిలబడి, వెనక్కి జారి, మైదానం చివర పెరిగిన గడ్డిలో పడింది. గడ్డి పుణ్యమా అని రెక్కలు దక్కాయి. తోక దగ్గర పైపొర మాత్రం చిరిగింది.

కాలేజీల మోడల్ విమానాల పోటీ రేపే. అది మేస్త్రి గీసిన ఆఖరి విమానం. చెక్క ముట్టుకుంటే చాలు చెప్పినట్టు వినేదని కాలేజీలో వాడికి ఆ పేరు. సగం కట్టాక, పోయిన ఏడాది జ్వరమొచ్చి పోయాడు. మిగతా సగం వీళ్లు కట్టారు. వాడి సొంతక్కే ఇప్పుడు జట్టు కెప్టెన్. "అది ఎగరాలి, నువ్వే ఎగరెయ్యాలి" అని ఆసుపత్రి మంచం మీద పిచ్చుక దగ్గర మాట తీసుకున్నాడు మేస్త్రి. ఆ మాట నిలబడుతుందా లేదా అన్నదొక్కటే ఆమె గుండెల్లో ఉంది.

వారం నుంచీ ఇదే వరస. రోజూ సాయంత్రం ఇద్దరు చెరో రెక్క కింద వేలు పెట్టి విమానాన్ని లేపుతారు. అది వేలి తూకం. ముక్కూ తోకా సమంగా నిలిస్తేనే వర్క్‌షాప్‌కు తాళం వేస్తారు. తెల్లారి చూస్తే తోక వాలిపోయి ఉంటుంది. ముక్కులో సీసం ముక్క పెట్టి సరిచేస్తే, మర్నాడు మళ్లీ తోకే.

మేస్త్రి వచ్చి కూర్చుంటున్నాడని బండోడు మొదట నవ్వులాటకే అన్నాడు. బతికున్నప్పుడే ఎవరి పనీ నచ్చనివాడు, పోయాక మాత్రం ఊరుకుంటాడా అన్నాడు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. మూడోసారి వాడే అనలేదు.

విమానాన్ని వర్క్‌షాప్‌లో బల్ల మీద పెట్టాక, పిచ్చుక చిరిగిన పొరను ఇంకాస్త చీల్చి లోపల టార్చి వేసింది. తోకలో అతుకతుకుకీ జిగురు ముద్దలు ముద్దలుగా పేరుకుని ఉంది. ప్రతి ముద్ద మీదా ఒక బొటనవేలి ముద్ర.

ఆ ముద్రలు జట్టు ఆచారమే. ఎవరు అతికిస్తే వాళ్లు తడి జిగురు మీద వేలు నొక్కుతారు. అతుకు ఊడితే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా! ఈ ముద్రలకు అడ్డంగా ఒక గాటు ఉంది. రంపం తగిలి మేస్త్రి వేలికి పడ్డ గాటు.

"వాడు అప్పుడెప్పుడో అతికించినవేలే," అన్నాడు బండోడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

పిచ్చుక గోటితో నొక్కింది. గోరు దిగింది. ఏడాది కింద పోయినవాడి వేలిముద్ర ఇంకా ఆరలేదు.

బండోడు వెనక్కి జరిగి తలుపుకు ఆనుకున్నాడు. పిచ్చుక మాత్రం టార్చి తిప్పలేదు. ముద్ర తర్వాత ముద్ర చూసుకుంటూ పోయింది. గాటు చివర సూదిమొన అంత బొడిపె. పక్కదానిలోనూ అక్కడే. ఆ పైదానిలోనూ అక్కడే. బతికున్న వేలు రెండుసార్లు ఒకేలా పడదు. పాత అతుకుల మీది మేస్త్రి ముద్రల్లో ఆ బొడిపే లేదు.

అది వేలు కాదు, పాత ముద్ర మీద రబ్బరు పోసి తీసిన అచ్చు. ఆ బొడిపె, పోసేటప్పుడు రబ్బరులో చిక్కిన గాలి బుడగ గుర్తు.

జట్టులో చక్రాలకు అచ్చులు పోసేది ఒక్కరే. పొద్దున మబ్బు పట్టిందని అందరూ తొందరపడుతుంటే, "తూకం నేను చూసేశాలే, పదండి" అన్నదీ ఆ ఒక్కరే. ఇద్దరు లేనిదే పడని తూకం అది.

అప్పుడు గుర్తొచ్చింది. పోటీలో ఎగిరిన విమానాలకు ఇంకో పరీక్ష ఉంటుంది. రెక్కల మీద ఇసుక సంచులు పేర్చుకుంటూ పోతారు, విరిగేదాకా. ఎగరని విమానానికి ఆ పరీక్షే ఉండదు. ఆ నియమం చదివిన రోజు అక్క సగంలో లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇప్పుడామె చిరుగుకు వేయడానికి టేపు చుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. మెల్లగా బల్ల దగ్గరికి వచ్చి, రెక్క మీది పాత ముద్రలో తన బొటనవేలు పెట్టింది. నిద్రపోతున్న పిల్లాడి నుదురు తాకినట్టు.

"ఇది విరిగితే వాడివి ఇంకేం మిగలవే," అంది.

బండోడికి ఇంకా అర్థం కాలేదు. "ఇంతకీ ఇదంతా చేసిందెవరు? మేస్త్రేనా?"

పిచ్చుక టార్చి ఆర్పేసింది.

"మేస్త్రి కాదురా. అక్క."