ఎర్ర అట్టముక్క

అక్కది ఒట్టి కడుపుమంట. ఆరేళ్ల తర్వాత ఇల్లు చేరిన చెల్లెలు తనతో పెదవి విప్పదు. మంగళవారం మంగళవారం వచ్చే పరిశోధకురాలితో మాత్రం తలుపు వేసుకుని గంటలకొద్దీ మాట్లాడుతుంది. పని ఇప్పిస్తామని ఆడవాళ్లను తీసుకెళ్లి, గదుల్లో బంధించి చాకిరీ చేయించుకునే ముఠాల గురించి ఆ పిల్ల రాస్తోందట. చెల్లెల్ని తీసుకెళ్లిందీ అలాంటివాళ్లే.

ముందుగదిలో అక్క చొక్కాలకు కాజాలు కుడుతోంది. కళ్లు గుడ్డ మీద, చెవులు తలుపు మీద. లోపల చెల్లెలు నవ్వింది. సూది వేలిలో దిగింది.

పరిశోధకురాలు బయటికి రాగానే అక్క అడ్డుపడింది.

"ఏం చెప్పిందమ్మా?"

"అది తనే చెప్పాలండీ. బయట పెట్టనని మాటిచ్చాను."

"చంకనెత్తుకుని పెంచినదాన్ని నేను! నిన్నగాక మొన్న వచ్చావు నువ్వు!"

"నిజమేనండీ," అంటూ ఆ పిల్ల చెప్పులు తొడుక్కుంది. ఎదురు తిరగనందుకు అక్కకు ఇంకా మండింది.

అక్క కుట్టే చొక్కాలు తీసుకుని లోపలికి వెళ్లింది. బల్ల మీద ఎర్ర అట్టముక్క ఉంది.

"ఇదేంటే?"

"చెప్పడం ఇష్టం లేకపోతే దీన్ని ముందుకు తోస్తాను. ఆ పిల్ల ఎందుకని అడగదు. వదిలేస్తుంది."

"విడ్డూరం! అక్కడ తిండి పెట్టారా? కొట్టారా? నా గురించేం చెప్పావు?"

చెల్లెలు అట్టముక్కను అక్క ముందుకు తోసింది.

"దానికేమో మాటలు, నాకేమో అట్టముక్కా!"

"అయితే నువ్వే ఉంచుకో. నేనొకటి అడుగుతా." చెల్లెలు దాన్ని అక్క చేతిలో పెట్టింది. "ఆ ఏజెంటును ఇంటికి పిలిచింది నువ్వు. వెళ్లనని ఏడుస్తుంటే బస్సెక్కించావు. నీకప్పుడు అనుమానం రాలేదా, అక్కా?"

ఆరేళ్లుగా అక్క భయపడుతున్నది ఈ ప్రశ్నకే. తలుపు అవతల తన సంగతే నడుస్తోందని ప్రతి మంగళవారం వణికింది.

అట్టముక్కను మెల్లగా ముందుకు తోసింది.

చెల్లెలు ఎందుకని అడగలేదు. పక్కన కూర్చుని ఒక చొక్కా అందుకుని, సూదిలో దారం ఎక్కించింది.

మూడు కాజాలయ్యాక అక్కే నోరు తెరిచింది.

"అనుమానం వచ్చిందే. ఏ ఊరని అడిగితే వాడు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెప్పాడు. విన్నాను. విననట్టు ఊరుకున్నాను."

చెల్లెలు దారం కొరికింది.

"నన్ను పంపిందెవరని ఆ పిల్లా అడిగింది. ఆ ప్రశ్నకు మాత్రం అట్టముక్క తోసేశాను."