కుండలో మిగిలిన కూడు

వంకాయ కూర దింపి, చేతులు తుడుచుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాను. మా అమ్మ ఏడుస్తుంది. ఆపుతాను. ఏడ్చినంత మేర టైపు చేస్తాను. మళ్లీ ఏడిపిస్తాను. పది రోజులుగా బడి నుంచి వచ్చాక నా పని ఇదే.

మా ఆయన ధనుంజయ్ టెక్కలిలో తెలుగు లెక్చరర్. ఉద్దానం ఆడవాళ్లు శవం దగ్గర రాగం తీసి ఏడ్చే పాటల మీద పీహెచ్‌డీ రాస్తున్నారు. మూడేళ్ల కిందట మా నాన్న సన్యాసయ్య పోయినప్పుడు అల్లుడి హోదాలో ముందు వరసలో కూర్చుని, చొక్కా జేబులో ఫోను ఆన్‌లో పెట్టుకున్నారు. ఆ సంగతి నాకు ఈ ఫైలు ఇచ్చినప్పుడే తెలిసింది. దొరికిన వాటిలో ఇదే బెస్టు, జాగ్రత్తగా కొట్టు, టైపింగే కదా అన్నారు. అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు పోపు వేస్తున్నా, పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతున్నా ఆ రాగం నా వెనకే తిరుగుతోంది. ఇయర్‌ఫోన్లు తీసేశాక కూడా వినబడి ఒక్కోసారి వెనక్కి చూస్తున్నాను. భయమేస్తోంది. ఆగిపోతే అంతకన్నా భయమేస్తోంది.

పదమూడో నిమిషంలో ఆ మాట ఉంది. “కుండలో కూడు మిగిలిపోనాది మావా, ఎవులు తింతారు మావా.” దాని కింద ఆయన నోటు రాశారు. భర్త లేని ఇంట అన్నం సహించని పతివ్రత వేదన ఇది, తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చిన వాడుక మాట, వేరే ఏడుపుల్లోనూ కనబడుతుంది అని.

నాకు ఒళ్లు మండింది. మా నాన్న కడుపునిండా తిన్నాక, కోపం వస్తే, అన్నం మిగిలిన కుండలోనే చెయ్యి కడిగేసేవాడు. అమ్మ నీళ్లు తాగి పలాసలో జీడిపిక్కలు కొట్టడానికి పోయేది. జీడి రసానికి నల్లబడ్డ వేళ్లతో, ఎక్కడో దాచిన గుప్పెడు అన్నం నాకు మాత్రం తినిపించేది. నాన్న పోయిన రోజే ఆ ఇంట్లో కుండలో అన్నం ఎంగిలి కాకుండా మిగిలింది. ఆ సంగతి ఆమె ఊరందరి ముందూ చెప్పేసింది. జాగ్రత్తగా వింటే తెలుస్తుంది, ఆ మాట దగ్గర తక్కిన ఆడవాళ్ల ఏడుపులు ఒక్క క్షణం ఆగిపోయాయి. మగవాళ్లు కట్టెల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆయనకు చెప్పాను. మీ అమ్మ వాళ్లమ్మ దగ్గర విన్నది పాడింది, పాటలోంచి పాటలోకి వచ్చిన ముక్క అది, దానికి మీ ఇంటి గొడవ అంటగడితే గైడు నవ్వుతాడు, ఆధారం ఏదీ అన్నారు. నా చిన్నప్పటి ఆకలి ఆధారం కిందకి రాదట. సోమవారం సబ్మిషన్. బైండింగు అయిపోతే, ఆ చెయ్యి కడిగిన మనిషి కోసం అన్నం మానేసిన పతివ్రతగా కాసులమ్మ అనే మా అమ్మ లైబ్రరీలో ఉండిపోతుంది.

కంచిలిలో ఉన్న అసిరమ్మ పిన్నికి ఫోన్ చేశాను. అమ్మకి సొంత చెల్లెలు, అదే తల్లి ఏడుపు వింటూ పెరిగిన మనిషి. చిన్నాన్న పోయినప్పుడు నువ్వూ ఆ మాట పాడావా అని అడిగాను.

“నానెందుకు పాడతానే? మీ సిన్నాన్న నాకు ఎట్టకుండా ముద్ద ముట్టీవోడు కాదు. అది అందరూ పాడీది కాదమ్మా. మాయమ్మ పాడింది, అక్క పాడింది. పడ్డోళ్లే పాడాల.”

పుస్తకంలో రాయొచ్చా అన్నాను. “రాసీ” అంది.

ఆయన నోటు తీసేసి, పిన్ని మాటలు ఆమె చెప్పినట్టే కొట్టాను. కింద మా నాన్న కుండలో చెయ్యి కడగడం గురించి రెండు వాక్యాలు రాశాను. ఆధారం: అసిరమ్మ (చెల్లెలు), భాగ్యశ్రీ (కూతురు) అని నా పేరూ పెట్టాను. ఇది ఉంటేనే అమ్మ పాట ఉంటుంది, లేకపోతే పాట మొత్తం తీసేస్తాను అని ఆయనకు చెప్పాను.

ఆయన నిలబడే చదివారు. గొడవ పడతారనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, నావైపు చూడకుండా అడిగారు.

“నేను పోతే నువ్వు ఆ మాట పాడతావా?”

పాడనని వెంటనే అనాల్సింది. పదిహేనేళ్ల కాపురంలో ఆయన ఎన్నడూ కుండలో చెయ్యి కడగలేదు. అలాగని నేను తిన్నానో లేదో అడిగిందీ లేదు.

“ఇంకా బతికే ఉన్నారు కదా, చూద్దాం” అన్నాను.