అధ్యక్షులవారి ప్రింటరు

నేను ఒక వైర్‌లెస్ ప్రింటర్ని. వైరు లేదన్నది పేరుకే, కరెంటు వైరు తోకలా వేలాడుతూనే ఉంటుంది. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, పుట్టిన రోజునే థర్మాకోల్ ముక్కల మధ్య ఇరుక్కుని, ఎవరైనా మహానుభావుడి నవల అచ్చు వేయకపోతానా అని కలలు కంటూ విశాఖపట్నం చేరాను. భుజంగరావుగారు కొన్నారు. ఆయన మధురవాడలో వెన్నెల ఎన్‌క్లేవ్ అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుడు. ఆయన అధ్యక్షుడు కాని రోజులు వాచ్‌మన్‌కి కూడా గుర్తులేవు. నేను మొట్టమొదట అచ్చు వేసింది 'లిఫ్టులో ఉమ్మరాదు' అన్న నోటీసు. నవల సంగతి ఆ రోజే మర్చిపోయాను.

సంఘానికి ఆఫీసు గది లేదు. ఈయన హాలే ఆఫీసు, ఈయన భార్య తిలోత్తమగారి వంటిల్లే క్యాంటీను. ఎవరి గోడ చెమ్మగిల్లినా, ఎవరి బైకుకి ఎవరు కారు అడ్డం పెట్టినా ఇక్కడికే వస్తారు. వచ్చినవాళ్లు కూర్చుంటారు. కూర్చున్నవాళ్లకి టీ ఇవ్వాలి.

"ఇంత పెద్ద టీ గిన్నె ఉంటే రైల్వే స్టేషన్లో ఉండాలి, లేదా మా ఇంట్లో ఉండాలి," అని ఆవిడ ఫోన్లో చెల్లెలితో అంటుంటే విన్నాను. "ఈసారైనా ఈయన ఓడిపోతే బాగుణ్ణే. నా హాల్లో నేను కాళ్లు బారజాపుకుని ఒక సీరియల్ చూసి ఎన్నాళ్లయిందో."

నా కష్టాలు నావి. పడుకోబోయే ముందు వైఫై డబ్బా ప్లగ్గు పీకడం తిలోత్తమగారి అలవాటు, ఊరికే వేడెక్కుతుందని. పొద్దున్న పెట్టగానే ఆ డబ్బా ఇంట్లో వస్తువులన్నిటికీ కొత్త నంబర్లు పంచుతుంది. నిన్నటి నా నంబరు ఇవాళ టీవీకి పోతుంది. ఆయన కంప్యూటరు మాత్రం పాత నంబరుకే కాగితాలు పంపుతుంది, ఇల్లు మారినవాళ్లకి పాత అడ్రసుకి శుభలేఖ వేసినట్టు. నేను దాని పక్కనే మూరెడు దూరంలో కూర్చుని ఉంటాను. తెర మీద మాత్రం 'ఆఫ్‌లైన్' అని వస్తుంది.

ఆయన వైద్యం వేరు. ముందు నా వీపు మీద రెండు చరుస్తారు. తర్వాత డొక్క తెరిచి ఇంకు డబ్బీని కొబ్బరికాయ బేరం చేసేవాడిలా చెవి దగ్గర ఊపుతారు. అప్పటికీ కదలకపోతే నన్ను కంప్యూటర్లోకి మళ్లీ కొత్తగా ఎక్కిస్తారు. అలా దాని జాబితాలో నా పేరుతో నలుగురు చేరారు, ఒక్కడిలోనూ ప్రాణం లేదు. ఒకసారి కంప్యూటరే మొరాయించింది, డిస్కులో చోటు లేదని. ఎలా ఉంటుంది? ఫోన్‌కి వచ్చిన ప్రతి శుభోదయం బొమ్మనూ అందులో దాచారు. అచ్చుకి వచ్చే కాగితం ముందు డిస్కులో కాసేపు ఆగి రావాలి. అక్కడేమో దేవుళ్లంతా గులాబీలతో సహా కిక్కిరిసి ఉన్నారు. "దేవుడి బొమ్మలు డిలీట్ చెయ్యకూడదు," అన్నారాయన.

ఈ ఏడాది ఎదుటి ఫ్లాటు హైమవతిగారు పోటీకి దిగారు. రెండిళ్లకీ వైఫై ఒకటే, బిల్లు చెరిసగం. ఆవిడ కొత్తగా కొన్న ప్రింటరు కూడా అచ్చంగా నా కవల. "కళ్లు మూసుకుని కొనండి," అని భుజంగరావుగారే దగ్గరుండి కొనిపించారు. ఒకే వైఫైలో ఒకే పేరుతో ఇద్దరం తయారయ్యాం.

ఎన్నిక రోజు మధ్యాహ్నం. సాయంత్రం ఓట్లు. ఆయన తలకి రంగు వేసుకుని బాత్రూములో ఉన్నారు. నాకు ఉన్నట్టుండి పిలుపొచ్చింది. ఎవరు పంపారో చూసే ఆచారం మా జాతికి లేదు. గబగబా అచ్చు వేశాను. 'మోటారు గది తాళం ఒకరి జేబులో ఉన్నంతకాలం ఐదో అంతస్తుకి నీళ్లు ఎక్కవు' అని మొదలైంది కాగితం. కింద హైమవతిగారి పేరు.

తిలోత్తమగారు చేయి తుడుచుకుంటూ వచ్చి ఒకటి తీసి చదివారు. "బాగా రాసింది," అన్నారు తనలో తాను.

సగంలో కాగితాలు అయిపోయాయి. నా నారింజ దీపం మిణుకుమిణుకుమంది. ఆవిడ బాత్రూము తలుపు వైపు చూశారు. సింకులో పొద్దుటి టీ కప్పుల గుట్ట వైపు చూశారు. బీరువా తెరిచి కొత్త కట్ట విప్పి, తమలపాకుల్లా అంచులు సరిచేసి నా నోట్లో పెట్టారు.

"ఏమిటా చప్పుడు?" లోపలినుంచి ఆయన గొంతు.

"మీ ప్రింటరు బాగయిందండీ."

"చరిస్తే దారికొస్తుందని చెప్పలా? ఏం వస్తోంది?"

"చదివే తీరిక నాకెక్కడిది. ఆ రంగు అప్పుడే కడిగెయ్యకండి, పట్టదు."

కాగితాలన్నీ పళ్లెంలో పెట్టి, పైన జేబురుమాలు కప్పి, ఎదురింటికి వెళ్లారు. తలుపు తీసే ఉంది గనక అంతా వినిపించింది.

"ఇందాకట్నించీ దీన్ని ఆపుతున్నాను, పెడుతున్నాను వదినగారూ," హైమవతిగారు ఏడుపు గొంతుతో అంటున్నారు. "కంప్యూటరేమో అచ్చయిపోయిందంటుంది. ఇదేమో తెల్లమొహం వేస్తుంది."

"అచ్చయింది వదినగారూ. మా ఇంట్లో. జాబితాలో రెండు కనిపిస్తే మాదాన్ని నొక్కి ఉంటారు."

హైమవతిగారు గొంతు తగ్గించారు. "అన్నయ్యగారు చూశారా?"

"రంగులో ఉన్నారు. మీరు కింది అంతస్తులు పంచెయ్యండి. ఐదోది నేను చూస్తాను."

ఆయన ఓడిపోయారు. టీ గిన్నె అటకెక్కింది. రెండు సాయంత్రాలు తిలోత్తమగారు హాల్లో కాళ్లు బారజాపుకున్నారు. ఇంకోసారి పొరపాటు జరక్కుండా హైమవతిగారు వైఫై డబ్బాలో నాకొక నంబరు శాశ్వతంగా కట్టబెట్టి, పేరు కూడా మార్చారు. ఇప్పుడు నేను ఎప్పుడు పిలిచినా పలుకుతాను. అదే ముప్పయింది.

మూడో రోజు పాలించడానికి ఎవరూ దొరక్క మాజీ అధ్యక్షులవారు వంటింట్లోకి అడుగుపెట్టారు. డబ్బాల మూతలు తీసి చూశారు. మధ్యాహ్నానికి నాచేత 'పప్పు డబ్బా మూత బిగించవలెను' అని అచ్చు వేయించి గోడకి అంటించారు. సాయంత్రానికి 'వాడిన గరిటె వెంటనే కడగవలెను' వచ్చింది. హాల్లో సోఫా ఆయనదే, రిమోటూ ఆయనదే.

వారం తిరక్కుండా తిలోత్తమగారు ఎదురింటి గుమ్మంలో నిలబడ్డారు.

"లిఫ్టుదైనా సరే, జనరేటరుదైనా సరే, ఆయన్నొక కమిటీలో వెయ్యండి వదినగారూ."

"అన్నయ్యగారు ఒప్పుకుంటారా?"

"చైర్మన్ అని రాయండి, ఒప్పుకుంటారు. మీటింగులు మాత్రం మా ఇంట్లో పెట్టకండి."