వినేవాళ్ళని తీసుకురండి

మా అత్తగారికి అరవై నాలుగో ఏట ఫిడేలు మీద మనసు పడింది. ఏ కుట్టుమిషను మీదో, నాలుగు పూలకుండీల మీదో పడి ఉంటే ఇంట్లో ఎవరం పట్టించుకునేవాళ్ళం కాదు. పడక పడక ఫిడేలు మీద పడింది. అదీ పగటిపూట వాయించుకుంటుందట. పగటిపూట మా ఇంట్లో నిద్రపోయే ప్రాణిని నేనొక్కదాన్నే.

నేను ఆసుపత్రిలో నర్సుని. పన్నెండేళ్ళుగా నైట్ డ్యూటీ. పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి, ఇంత తిని, కర్టెన్లు లాగి పడుకుంటే సాయంత్రం నాలుగింటికి గానీ లేవను. నా నిద్ర జోలికొస్తే నేను మనిషిని కాను. ఈ సంగతి పాలవాడికి తెలుసు, పక్కింటి కుక్కకి కూడా తెలుసు. అత్తయ్యకి అందరికంటే బాగా తెలుసు. తెలిసే అడిగింది.

మా ఆయన ఈ విషయంలో గొప్ప ధైర్యం చూపించాడు. అమ్మ ఇష్టం, నీ ఇష్టం అని చెప్పి బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పగలు ఇంట్లో ఉండని మనిషికి సంగీతమంటే ఎక్కడలేని గౌరవం.

అత్తయ్య ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఎవరైనా ఒక్కసారి "హలో" అంటే చాలు, రెండో హలో లోపల మనిషిని గుర్తుపట్టేసేదాన్నని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అలాంటి మనిషి రిటైరయ్యాక ఇంట్లో ఫోను మోగితే ముట్టుకోదు. ముప్పై ఏళ్ళ చాకిరీ చాల్లెమ్మా అంటుంది. సాయంత్రాలు టీవీ సౌండు వీధి చివరికి వినబడేలా పెట్టి, ఈ కాలంవాళ్ళంతా నోట్లో నోట్లో గొణుక్కుంటారని నటుల్ని తిడుతుంది. నేనేదైనా చెబితే నా మొహంలోకి గుచ్చి గుచ్చి చూస్తుంది. కోడలి మొహంలో వంకలు వెతుకుతోందనుకుని నేనూ తగ్గకుండా అలాగే చూసేదాన్ని.

నాలుగు వీధుల అవతల ఒక టీచరమ్మ నేర్పడానికి ఒప్పుకుంది. మొదలుపెట్టేవాళ్ళకి చవక ఫిడేలు చాలని, ఫలానా షాపులో దొరుకుతుందని ఆవిడే చెప్పి పంపింది. అత్తయ్య డబ్బు పర్సులో పెట్టుకుని, మంచి చీర కట్టుకుని వెళ్ళింది. గంటలో ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. డబ్బు చాలలేదా అని అడిగాను. అది కాదట, షాపాయన అమ్మనన్నాడట.

ఆయనకో రూలుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొన్న ఫిడేళ్ళు చాలావరకు నెల తిరక్కుండా వాపసు వస్తున్నాయట. వాయించేవాళ్ళకి విసుగొచ్చి కాదు, ఇంట్లోవాళ్ళు భరించలేక. అందుకని చవక ఫిడేలు కావాలంటే, ఇంట్లో దాన్ని అందరికంటే ఎక్కువసేపు వినబోయేదెవరో వాళ్ళొచ్చి ఎంచుకోవాలి. వినేవాళ్ళని తీసుకురండి, అప్పుడే ఇస్తాను, అన్నాడట.

అంటే నేను ఊ అంటే ఫిడేలు, ఊహూ అంటే లేదు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళలో అత్తగారి కోరిక ఒకటి ఇలా నా చేతికి చిక్కడం ఇదే మొదలు. నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగానే అనిపించింది. రెండు రోజులు బెట్టు చేశాను. ఆ రెండు రోజులూ నేను నిద్ర లేచేసరికి కాఫీ వేడిగా మంచం పక్కనే ఉంది. మూడో రోజు డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా షాపు దగ్గరికే వస్తానని చెప్పాను.

షాపు అంటే సైకిళ్ళ కొట్టు మీద ఒక సన్నటి గది. పైకప్పు కొక్కేలకి ఫిడేళ్ళు వరసగా వేలాడుతున్నాయి. బల్ల మీద బంక గిన్నె, చిన్న చిన్న ఉలులు, పొట్ట విప్పిన ఫిడేలొకటి. షాపాయనకి కళ్ళమీదొక జోడు, నుదుటిమీదొక జోడు. నా యూనిఫాం, ఎర్రటి కళ్ళు చూసి, ఎవరు ఏమిటని అడక్కుండానే ఒక స్టూలు చూపించాడు. గోడవైపు తిరిగి కూర్చోమన్నాడు. కళ్ళతో చూస్తే చెవి పనిచెయ్యదట, మెరుపు చూసి మోసపోతారట. అత్తయ్యని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

ఒకే ముక్కని నాలుగు ఫిడేళ్ళ మీద వాయించాడు. మొదటిది కీచుమంది. రెండోది జలుబు చేసిన మా హెడ్ నర్సు గొంతు. మూడోది ఎంత మెత్తగా ఉందంటే, పక్కింటివాళ్ళ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది. నాలుగోది మొదలెట్టగానే కిటికీ అద్దం కదిలింది. కింద సైకిళ్ళ కొట్టాయన సుత్తి ఆపి ఏదో అరిచాడు కూడా.

నాకు ఆలోచించే పనే లేకపోయింది. గోడవైపు నుంచి ఇటు తిరిగి, మూడోది అన్నాను. దాని స్వరంలో ఎంత మర్యాదుందో అని మెచ్చుకున్నాను. ఇంత తేలిగ్గా గండం గడుస్తుందనుకోలేదు. ఈ ఫిడేలు వంటింట్లో వాయిస్తే నా గదిలోకి దోమంత చప్పుడు కూడా రాదు. అత్తయ్య కోరికా తీరుతుంది, నా నిద్రా మిగులుతుంది, పైగా మంచి కోడలన్న పేరూ దక్కుతుంది.

షాపాయన దాన్ని అత్తయ్య చేతికిచ్చి, గడ్డం కింద ఎలా ఆనించుకోవాలో, కమాను ఎలా పట్టుకోవాలో చూపించాడు. ఆవిడ కమాను లాగింది. గీరుమని ఒక సన్నటి చప్పుడొచ్చింది, కొత్తవాళ్ళకి ఎలా వస్తుందో అలాగే. అత్తయ్య ఆగింది. మళ్ళీ లాగింది. కమాను వెంట్రుకలు తడిమి చూసుకుంది. మూడోసారి గట్టిగా లాగి, షాపాయన మొహంలోకి గుచ్చి చూస్తూ మెల్లగా అడిగింది.

"మోగుతోందాండీ?"

గోడ దగ్గర కూర్చున్న నాకు వినిపించింది. చేతిలో పట్టుకున్న మనిషికి వినిపించలేదు. షాపాయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

రోజూ ముసలివాళ్ళ వార్డులో ఒక్కొక్కరి చెవి దగ్గరికి వంగి, ఎటువైపు వినబడుతుందో కనిపెట్టి మాట్లాడతాను. ఆ ఒక్క విషయంలో నా అంత మనిషి లేదని డాక్టర్లే అంటారు. ఇంట్లో మనిషి ఫోను మానేసినా, టీవీ సౌండు పెంచినా, నా పెదాలు చూసి మాట అందుకుంటున్నా నాకు తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?" అన్నాను, ఎదురుగా వెళ్ళి నిలబడి.

"ఎడమది పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు కుడిది పోతోంది. మీ ఆసుపత్రిలోనే చూపించుకున్నాలే, నువ్వు పడుకున్నప్పుడు వెళ్ళి. మిషను పెట్టుకోమన్నారు. అది కూడా కొన్నాళ్ళేనట."

"నాకు చెప్పొచ్చు కదా."

"ఆపరేటరుకి చెవుడంటే నవ్వరూ?" అని, నిజంగానే నవ్వింది. తర్వాత ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని అంది, "ముప్పై ఏళ్ళు వాళ్ళ మాట వీళ్ళకి, వీళ్ళ మాట వాళ్ళకి కలిపాను. నేను చేసిన చప్పుడంటూ ఒక్కటీ లేదు. చెవి మూసుకుపోయేలోపల నా చేత్తో ఒకటి చేసి వినాలనుంది. ఇదైతే దవడకి ఆనుతుంది కదా. వినబడకపోయినా ఎముకకి తెలుస్తుందట."

నేను షాపాయనవైపు తిరిగాను. నాలుగోది ఇవ్వమన్నాను. ఆయన ఒక జోడు తీసి రెండోది పెట్టుకుని, అది మూడిళ్ళ నుంచి వాపసొచ్చిన సరుకమ్మా, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించానన్నాను. అంతకంటే గట్టిగా మోగేది ఉంటే అదే ఇవ్వమన్నాను. అత్తయ్య ఈ మాటలన్నీ నా పెదాల మీద చదువుకుంది.

"మరి నీ నిద్ర?"

"ఏడ్చిందిలెండి," అన్నాను.

ఫిడేలు ఇంటికొచ్చింది. ఆ వారంలోనే అత్తయ్య కుడి చెవికి మిషనూ వచ్చింది. నేను ఏదో మహాత్యాగం చేశాననుకోకండి. మొదటి వారం దిండు కింద తలపెట్టి ఆ షాపాయన్ని, టీచరమ్మని, ఫిడేలు కనిపెట్టిన మహానుభావుణ్ణి పేరు పేరునా తిట్టుకున్నాను. అత్తయ్య పాపం మూడు తలుపులు మూసుకుని వంటింట్లో కూర్చునేది. ఆ ఫిడేలుకి తలుపులంటే లెక్కలేదు. మా ఆయన సాయంత్రం వచ్చి, అమ్మ ఎలా వాయిస్తోందని ఆప్యాయంగా అడిగేవాడు. ఒక సెలవురోజు ఇంట్లో ఉండి విన్నాడు. తర్వాత సెలవురోజుకి ఆఫీసులో పని పడింది.

రెండు నెలలు ఒకటే పాఠం. నాకు సంగీతం ఓనమాలు కూడా తెలియవు. కానీ అదే ముక్క రోజూ వందసార్లు చెవిలో పడితే ఎక్కడ తప్పుతోందో నిద్రలో కూడా తెలిసిపోతుంది. మూడో వరసలో ఆవిడ రెండో వేలు ఎప్పుడూ కాస్త కిందికి జారేది. నేను కళ్ళు తెరవకుండా మంచం మీంచే, "అత్తయ్యా, వేలు" అని అరిచేదాన్ని. వంటింట్లోంచి, "ఆఁ, ఆఁ, తెలుసు" అని విసుక్కునేది. మళ్ళీ మొదలుపెట్టేది. మేం అత్తాకోడళ్ళం అంతకుముందు ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

మొన్న మంగళవారం వేలు మళ్ళీ జారింది. "అత్తయ్యా, వేలు" అన్నాను. ఆగలేదు. ఇంకా గట్టిగా అరిచాను. ఆ తప్పుతోనే వరసంతా వాయించుకుంటూ పోతోంది. చెవి మిషను పెట్టుకోవడం మర్చిపోయిందేమో అనుకుంటూ లేచి మూడు తలుపులూ తీసుకుని వెళ్ళాను. మిషను పెట్టుకునే ఉంది. కళ్ళు మూసుకుని, దవడ చెక్కకి అదిమి పెట్టుకుని వాయిస్తోంది.

ఎదురుగా కూర్చుని, తీగ మీదున్న రెండో వేలు పట్టుకుని వెంట్రుకవాసి పైకి జరిపాను. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. కమాను లాగింది. గది నిండా మోగింది. ఆవిడ మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

"ఆఁ, ఇదీ," అంది. తర్వాత నా జుట్టూ, నా మొహమూ చూసి, "ఎలాగూ లేచావుగా. వేలు అలాగే పట్టుకో, మొదటినుంచీ వాయిస్తాను."

పట్టుకున్నాను.