బొట్టు పెట్టిన వైపు

సూరమ్మ మూడో బిందె మోసుకొచ్చింది. మొదటి రెండూ లారీయే తాగేసింది. ఇంట్లో పప్పు ఉడికించడానికి ఇంకా నీళ్ళు లేవు.

ఆమె మొగుడు దానయ్య బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "అయ్యో తల్లీ, ఎంత కాలిపోతున్నావే!" అన్నాడు. ఆ గొంతు విని సూరమ్మ బిందెని దబ్బున దించింది. కిందటేడు తనకి పదకొండు రోజులు జ్వరం. ఆ చెయ్యి ఒక్కసారి కూడా తన నుదుటి మీదికి రాలేదు. గుమ్మంలోంచే "లెగుత్తావా, నన్ను హోటల్లో తినమంటావా?" అని అడిగి పోయాడు. యుద్ధం అయ్యాక సర్కారు అమ్మేసిన పాత మిలిటరీ లారీ ఇది. దీనికి ఆదివారం ఆదివారం స్నానం, దసరాకి కొత్త రంగు. మనిషి సవతి అయితే జుట్టు పట్టుకునైనా పోట్లాడేది. దీనికి జుట్టెక్కడ?

"రేడియేటర్ పోయిందట, మేస్త్రీ సెప్పినాడు," అన్నాడు దానయ్య. "తిల్దా ఊరి నుంచి వస్తున్నంతసేపూ ఠండాగానే ఉంటాది. రైలు ఫాటక్ కాడ ఆగితే సాలు, ఆవిరి. కొత్తది ఎయ్యాల. నీ కుట్టుమిషన్ పండరీ సేటుకి అమ్మేస్తాను."

"నా మిషనా?"

గుమ్మంలో బియ్యం ఏరుతున్న అత్త పైడమ్మ తలెత్తలేదు. "లారీ అన్నం పెడతాది. మిషనేటి పెడతాదే? టకటకా సప్పుడు తప్ప."

ఆ ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ చప్పుడొక్కటే. చనిపోయే ముందు అమ్మ ఇచ్చిన మిషన్. దాని ముందు కూర్చున్న కాసేపు సూరమ్మ ఎవరికీ పెళ్ళాం కాదు, కోడలు కాదు.

నీళ్ళు పోయడానికి వంగితే పైటకొంగు లారీ ముందు జాలీ మీద పడింది. ఇంజను నడుస్తూనే ఉంది. కొంగు ఊరికే వేలాడింది. పోయిన వేసవిలో ఇదే కొంగుని లారీ లోపలికి లాగేసి జాలీకి అంటించుకుంది. అప్పుడు దానయ్య అరిచాడు: "తియ్యవే, దానికి గాలాడదు!" చీర సంగతి అడగలేదు.

ఇప్పుడెందుకు లాగడం లేదు? పరుగెత్తే బండికి ఎదురుగాలి ఉంది. నిలబడ్డ బండికి ఫ్యానే దిక్కు. రోజంతా పొయ్యి ముందు నిలబడేదానికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు.

దానయ్య ఇంజను ఆపాక బానెట్ కిందికి తొంగి చూసింది. ఫ్యాన్ మీది మూడు ఎర్రచుక్కలు ఆమెనే చూస్తున్నాయి. దసరాకి నీళ్ళ పంపు బాగుచెయ్యడానికి ఫ్యాన్ విప్పి, పానాలతో పాటు పూజలో పెట్టారు. నూనె ఇనుము మీద కుంకుమ నిలవకపోతే, మిగిలిన ఎర్రరంగుతో ఆమే బొట్లు పెట్టింది. ముఖమెటని అడిగితే, రేడియేటర్ని చూసేదే ముఖమన్నాడు దానయ్య. పూజ కాగానే తొందరలో తనే బిగించాడు. ఆ ముఖం ఇప్పుడు ఇంజను వైపుంది. దసరాకి ముందు ఈ రోగం లేదు.

చెప్పకూడదనుకుంది. మరిగి మరిగి చావనీ అనుకుంది. ఆ ఊహ ఎంతో హాయిగా ఉంది. కానీ అది చచ్చే ముందు మిషన్‌ని మింగి చస్తుంది.

మర్నాడు దానయ్య సేటుతో మిషన్ బేరం మాట్లాడ్డానికి నడిచి వెళ్ళాడు. అత్త కునుకు తీసింది. సూరమ్మ పానా తీసుకుంది. నాలుగు బోల్టులు. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. ఫ్యాన్ తిప్పి పెట్టి, పళ్ళు బిగించి బోల్టులు బిగించింది.

సాయంత్రం దానయ్య ఇంజను స్టార్టు చేసి, బీడీ మీద బీడీ కాల్చాడు. ఆవిరి రాలేదు. బానెట్ నిమిరాడు. "సూసినావా అమ్మా! నా బంగారుతల్లి దానికదే కుదుటపడింది!"

సూరమ్మ వచ్చి లారీ ముందు నిలబడి కొంగు వదిలింది. జాలీ దాన్ని చటుక్కున లాక్కుంది.

"దానికదే కాదు. ఫ్యాన్ తిరగేసి బిగించినావు. నాను సరిగ్గా తిప్పినాను."

"నీకెవులు సెప్పినారే?"

"బొట్టు పెట్టినదాన్ని. ముఖమెటో నాకు తెలదా?"

దానయ్య చెయ్యి బానెట్ మీంచి జారింది. అతను ఆమెని చూడలేదు. లారీని చూశాడు, తనకి తెలియకుండా పరాయి చెయ్యి పడ్డదాన్ని చూసినట్టు. ఆ చూపు ఏమిటో సూరమ్మకి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అది తనది.

"సేటు మనిషిని రావద్దని సెప్పు," అంది కొంగు విడిపించుకుంటూ. "నా మిషన్ గడప దాటిన రోజున ఆ నాలుగు బోల్టులూ మళ్ళీ ఇప్పుతాను."