గురికి కుడిఎడమలు

తుపాకుల షాపు మనిషి అన్నింటికంటే తేలికైన తుపాకి బల్ల మీద పెట్టి, "బలం లేని చేతికి ఇదే సరి" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. తేలిక తుపాకి ఎంత గట్టిగా గుద్దుతుందో మా నాయిన భుజాన్ని అడగాలి.

నా పేరు భూమేశ్. అరబ్బు దేశంలో, అజైబా అనే ఊళ్ళో ఒక అర్బాబ్ ఇంట్లో, అంటే యజమాని ఇంట్లో డ్రైవర్‌ని. ఆయన కొడుకు సయీద్‌కు చిన్నప్పుడే కారు యాక్సిడెంట్లో కుడిచెయ్యి దెబ్బతింది. భుజం దాటి పైకి లేవదు. ఇక్కడ వేట బంద్. కానీ పండుగకు వాళ్ళ గుట్టల్లో మగవాళ్ళంతా వరసగా కూర్చుని, దూరంగా రాయి పెట్టి గురి కొడతారు. సయీద్ ఏనాడూ తుపాకి పట్టలేదు. పోయిన పండుగకు వాళ్ళ చిన్నాన్న, "నువ్వు కుర్చీలో కూర్చుని చూడు బిడ్డా" అన్నాడట. ప్రేమగానే అన్నాడు పాపం. ఆ ప్రేమే అతన్ని తినేస్తోంది. ఈసారి ఎట్లయినా ఆ వరసలో కూర్చోవాలని నన్ను వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు.

"భూమేశ్ భాయ్, నువ్వేమంటావ్?" హిందీలో అడిగాడు.

"బరువుది తీస్కో, చిన్న తూటాది. ముందట స్టాండ్ పెడితే బరువంత అదే మోస్తది. బరువుంటే గుద్దు తక్వ." కాస్త ఆగి, అసలు మాట అన్నాను. "ఎడమ భుజానికి ఆనించు."

అతని ముఖం మాడిపోయింది. "ఎడమచేతా? పెద్దల ముందా? ఖర్జూరం కూడా ఎడమచేత్తో అందుకోం మేము!"

మేం మాత్రం అందుకుంటామా! మా నాయినది పుర్రచెయ్యి, అన్నీ ఎడమచేత్తోనే. బువ్వ తినేటప్పుడు మా నాయినమ్మ గంటెతో కొట్టి కొట్టి కుడిచేతికి మార్చింది. తుపాకి దగ్గర మాత్రం ఆమె ఆటలు సాగలేదు. మక్కచేలో అడవిపందులు పడితే నాయిన గొంగడి మడిచి ఎడమ భుజాన వేసుకుని, దాని మీద పాత భర్మార్ నాటు తుపాకి ఆనించేవాడు. పచ్చి మక్క, గొంగడి, మందుగుండు, ఈ మూడు వాసనలు కలిస్తే నాకు ఇప్పటికీ నాయినే. ఎవరన్నా నవ్వితే ఒకటే మాట అనేవాడు.

నాయిన సంగతి చెప్పి, ఆ మాటే సయీద్‌కు చెప్పాను. "బువ్వకు కుడి ఎడమ ఉంటది గని, గురికి ఉండది."

 సయీద్ షాపు మనిషి వైపు తిరిగి, తూటా ఎక్కించే పిడి ఎడమవైపు ఉన్న తుపాకి చూపించమన్నాడు.

పండుగ రోజు అతను వరసలో కూర్చుని ఎడమ భుజానికి తుపాకి ఆనించగానే గుసగుసలు మొదలయ్యాయి. మొదటి గుండు తప్పింది. రెండోదీ తప్పింది.  మూడో గుండుకు రాయి పగిలి ఎగిరింది.

చిన్నాన్న లేచి వచ్చి, "ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు. నేను చొక్కా సర్దుకున్నాను, నా పేరే చెబుతాడని.

"ఇతని తండ్రి" అన్నాడు సయీద్ నన్ను చూపిస్తూ.

ముసలాయన నా వైపు తిరిగి మా నాయిన పేరు అడిగాడు. "లచ్చన్న" అన్నాను. ఆయనకు నోరు తిరగలేదు. "లష్షన్నా, లష్షన్నా" అంటూ పక్కనున్న పెద్దలందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

మా ఊళ్ళో నాయినను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. కాటికి మోసేటప్పుడు కూడా "పుర్రోడు పోయిండు" అనే అన్నారు. నేను బండి చాటుకు పోయి ఏడ్చాను.